రెండు నిమిషాల కుకీ
(బి.యస్సీ. మూడవ సంవత్సరం విద్యార్థి)

వెబ్‌సైటు ఒకటే, మనిషి ఒకడే, పాస్‌వర్డు ఒకటే. అయినా ఒక బ్రౌజరులో జరిగిన పని ఇంకో బ్రౌజరులో జరగదు. "క్రోమ్‌లో కాకపోతే ఫైర్‌ఫాక్స్‌లో చూడరా" అని మనం ఒకరికొకరం చెప్పుకోవడం, చాలాసార్లు అలా చేస్తే పని అయిపోవడం అందరికీ అనుభవమే. ఎందుకు అయింది అని మాత్రం ఎవరమూ అడగం. ఈ వ్యాసంలో ఆ "ఎందుకు"ను కొంతవరకు వివరించడానికి ప్రయత్నిస్తాను. మనలో ఎందరినో సతాయించిన పరీక్ష ఫీజు చిక్కునే ఉదాహరణగా తీసుకుంటున్నాను. కంప్యూటర్ సైన్సు చదవని మిత్రులు భయపడనక్కరలేదు. ఇందులో లెక్కలేమీ లేవు.

మనం ఒక చిరునామా కొట్టగానే బ్రౌజరు సర్వరుకు ఒక ఉత్తరం రాస్తుంది. సర్వరు జవాబు రాస్తుంది. ఈ ఉత్తర ప్రత్యుత్తరాల పద్ధతికే హెచ్.టి.టి.పి. అని పేరు. ప్రతి ఉత్తరంలోనూ అసలు విషయం ఒకటి ఉంటుంది, దానికి పైన కవరు మీద రాత లాగా కొన్ని వరుసలుంటాయి. ఆ వరుసలే హెడర్లు. వరుసకు ఒక పేరు, ఒక విలువ, అంతే. "నాకు ఫలానా భాషలో పంపు", "ఇది పి.డి.ఎఫ్. ఫైలు", "దీన్ని దాచి ఉంచుకోవద్దు", "ఈ చీటీ నీ దగ్గర పెట్టుకో" - ఇలాంటి మాటలన్నీ హెడర్ల ద్వారానే నడుస్తాయి. మనకు తెర మీద కనబడేది ఉత్తరం మాత్రమే. కవరును బ్రౌజరు చింపి పక్కన పడేస్తుంది.

ఇక్కడ ఒక సరదా సంగతి. బ్రౌజరు తానెవరో చెప్పుకునే హెడర్ ఒకటుంది, యూజర్-ఏజెంట్ అని. క్రోమ్, సఫారీ, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ - ఎవరిని అడిగినా ముందు "మొజిల్లా/5.0" అని మొదలుపెట్టి తర్వాతే తమ పేరు చెబుతాయి. మొజిల్లా అనేది ఒకప్పటి నెట్‌స్కేప్ బ్రౌజరు ముద్దుపేరు. ఆ పేరు చెప్పినవాళ్ళకే కొన్ని సర్వర్లు మంచి పేజీలు పంపేవి. దాంతో తర్వాత పుట్టినవాళ్ళంతా ఆ ఇంటిపేరే పెట్టేసుకున్నారు, దత్తత లేకుండానే! కాబట్టి హెడర్‌లో రాసిన ప్రతి మాటనూ వేదవాక్కుగా తీసుకోకూడదు.

ఇక కుకీ సంగతి. సర్వరుకు స్వతహాగా జ్ఞాపకశక్తి లేదు. ఇప్పుడు వచ్చిన ఉత్తరమూ, ఇందాకటి ఉత్తరమూ ఒకరే రాశారని దానికి తెలియదు. మా ఊరివాళ్ళు ధాన్యం అమ్మడానికి వెళితే ముందు టోకెను ఇస్తారు. తూకం దగ్గర గానీ, రసీదు దగ్గర గానీ చూసేది మనిషి ముఖం కాదు, ఆ టోకెను. 1994లో నెట్‌స్కేప్‌లో పనిచేసిన లూ మోంటుల్లి వెబ్‌కు కూడా ఇలాంటి టోకెనునే తయారుచేశాడు. అదే కుకీ. మనం లాగిన్ కాగానే సర్వరు "సెట్-కుకీ" అనే హెడర్‌లో ఒక పొడవాటి అంకె పంపుతుంది. అక్కడి నుంచి బ్రౌజరు ఆ సైటుకు రాసే ప్రతి ఉత్తరం మీదా దాన్ని అంటిస్తుంది. టోకెను పోతే మనిషి పోయినట్టే. సర్వరు మళ్ళీ "నీవెవరు?" అంటుంది.

ఈ ఉత్తరాలన్నీ డబ్బు వ్యవహారాల్లో రహస్య లిపిలో నడుస్తాయి. చిరునామా మొదట్లో హెచ్.టి.టి.పి.యస్. అని ఉండేది అందుకే. మంచిదే, దారిలో ఎవరూ చదవలేరు. కానీ రోగం కనిపెట్టేవాడికి కూడా ఇదే ఇబ్బంది. మామూలు హెచ్.టి.టి.పి. అయితే వైర్‌షార్క్ లాంటి సాధనంతో దారి మధ్యలో కాపు వేసి హెడర్లు చదివేయవచ్చు. రహస్య లిపి అయితే మధ్యలో కనబడేది చెత్త. అందువల్ల చూడవలసింది రెండు చివరలే: లిపిలోకి మారకముందు బ్రౌజరు దగ్గర, లిపి విప్పిన తర్వాత సర్వరు దగ్గర. సర్వరు మన చేతిలో ఉండదు. బ్రౌజరు మాత్రం ఎవరి చేతిలోనైనా ఉంటుంది. కంప్యూటరులో ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ అనే భాగం తెరిస్తే వచ్చిపోయే హెడర్లన్నీ తేటతెల్లంగా కనబడతాయి. పేజీ మారినా చిట్టా చెరిగిపోకుండా ఉండాలంటే "ప్రిజర్వ్ లాగ్" దగ్గర టిక్కు పెట్టాలి. ఈ చిన్న టిక్కు లేకపోతే అసలు చూడవలసిన ఉత్తరమే మాయమైపోతుంది.

ఒకే హెడర్‌ను రెండు బ్రౌజర్లు రెండు రకాలుగా అర్థం చేసుకోవడం కొత్తేమీ కాదు. మనకు ముందటి తరాన్ని ఏడిపించింది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్. భద్రత కోసం సర్వరు "కాష్-కంట్రోల్: నో-కాష్" అనే హెడర్ పంపేది. ఆ బ్రౌజరు ఎనిమిదవ వెర్షను వరకూ, హెచ్.టి.టి.పి.యస్.లో ఈ మాట వింటే, దించుకున్న ఫైలును తన దగ్గర ఉంచుకోకుండా తీసేసేది. ఆ ఫైలును తెరవవలసిన వర్డ్ గానీ, అక్రోబాట్ గానీ వచ్చి చూసేసరికి అక్కడ ఫైలు ఉండేది కాదు. "డౌన్‌లోడ్ చేయలేకపోతున్నాను" అని తెర మీద ఒక డబ్బా వచ్చేది. అదే ఫైలు ఫైర్‌ఫాక్స్‌లో హాయిగా దిగేది. 2011లో వచ్చిన తొమ్మిదవ వెర్షనులో దీన్ని సరిచేశారు. ఆ బ్రౌజరుకు 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ సెలవు చెప్పేసింది. అందులో సర్వరు రాసిన హెడర్ తప్పు కాదు, బ్రౌజరు చేసినదీ అక్షరాలా చూస్తే తప్పు కాదు. కానీ మధ్యలో ఉన్నవాడికి ఫైలు దిగలేదు.

ఇప్పుడు మన కథకు వద్దాం. పరీక్ష ఫీజు కట్టే వెబ్‌సైటు ఒకటి. పేరు అనవసరం. లాగిన్ అవుతాం, ఫీజు మొత్తం చూపిస్తుంది, నొక్కితే డబ్బు వసూలు చేసే వేరే సంస్థ పేజీకి తీసుకుపోతుంది. అక్కడ కార్డు నంబరు, ఓ.టి.పి. ఇచ్చాక తిరిగి మన వెబ్‌సైటుకు పంపుతుంది. కొందరికి ఇక్కడ రసీదు వచ్చింది. కొందరికి మళ్ళీ లాగిన్ పేజీ వచ్చింది. ఖాతాలో డబ్బు మాత్రం పోయింది. ఆఫీసులో అడిగితే "కట్టినట్టు లేదు" అన్నారు. బ్యాంకులో అడిగితే "వెళ్ళిపోయింది, సక్సెస్ అని ఉంది, వాపసు రాదు" అన్నారు. రెండు మాటలూ నిజమే. ఆఖరి తేదీ దాటితే అపరాధ రుసుం వేరే. రెండోసారి కట్టినవాళ్ళూ ఉన్నారు. వెబ్‌సైటు వాళ్ళకు ఫోను చేస్తే "కాష్ క్లియర్ చేసి ట్రై చెయ్యండి" అన్నారు. జ్వరమొచ్చినా, కాలు విరిగినా ఒకే మాత్ర!

నాకు వింతగా తోచింది ఏమిటంటే, దెబ్బ తిన్నవాళ్ళలో ఎక్కువమంది హాస్టలువాళ్ళు. ఊరి నుంచి వచ్చి చదువుకునేవాళ్ళు. పట్నంలో ఇంటి నుంచి వచ్చేవాళ్ళకు దాదాపుగా ఏ ఇబ్బందీ లేదు. సర్వరుకు మన కులగోత్రాలు తెలియవు కదా! మరి ఎలా పోల్చుకుంటోంది?

సొంత ఖాతా లేనివాడు తండ్రి కార్డుతో కడతాడు. ఓ.టి.పి. వచ్చేది తండ్రి ఫోనుకు. మా నాన్న సంగతే తీసుకోండి. పొద్దున పూట ఆయన చేలో ఉంటాడు. ఫోను గట్టు మీద వేపచెట్టుకు వేలాడే సంచిలో ఉంటుంది. నేను ఇక్కడ పేజీ తెరిచి ఫోను చేస్తే, ఆయన వచ్చి ఎత్తేసరికి ఒక నిమిషం. "నాన్నా, నంబరు వచ్చిందా?" "వచ్చినట్టే ఉందిరా, కళ్ళజోడు ఇంటికాడ ఉంది. ఉండు, పక్క చేనాయన చేత చదివిస్తా." ఆరంకెలు నా చెవిన పడేసరికి మూడు నిమిషాలో, నాలుగో. పట్నం కుర్రాడి ఓ.టి.పి. వాడి జేబులోనే మోగుతుంది. వాడికి ఇరవై సెకన్లు. అందుచేత తేడా మనిషిలో కాదు, కాలంలో ఉందేమో అని అనుమానం వచ్చింది.

అనుమానం తీర్చుకోవాలంటే ప్రతిసారీ ఫీజు కట్టనక్కరలేదు. డబ్బు పేజీ మీద "క్యాన్సిల్" నొక్కినా అది మనల్ని అదే పద్ధతిలో వెనక్కి పంపుతుంది. కాబట్టి ప్రయోగం ఉచితం. నేనూ, నా గది మిత్రులిద్దరూ ఒక ఆదివారం కూర్చున్నాం. రసాయనశాలలో నేర్పిన పద్ధతే: ఒకసారికి ఒక్కటే మార్చాలి, మిగతావన్నీ కదలకూడదు. కంప్యూటరు ఒకటే, ఖాతా ఒకటే, క్రోమ్ ఒకటే. మారేది క్యాన్సిల్ నొక్కే సమయం మాత్రమే. లాగిన్ అయిన 30 సెకన్లకు నొక్కితే లాగిన్ నిలిచింది. నిమిషంన్నరకు నిలిచింది. రెండున్నర నిమిషాలకు పోయింది. నాలుగు నిమిషాలకు పోయింది. మళ్ళీ 30 సెకన్లకు చూస్తే నిలిచింది. తర్వాత సమయాన్ని పక్కన పెట్టి బ్రౌజరును మార్చాం. ఫైర్‌ఫాక్స్‌లో నాలుగు నిమిషాలు, పది నిమిషాలు ఆగినా నిక్షేపంగా నిలిచింది. అంటే సర్వరు దగ్గర టైము అయిపోవడం కాదు. అదే అయితే ఫైర్‌ఫాక్స్‌లో కూడా పోవాలి.

ఎఫ్12లో చూశాం. ఆలస్యంగా తిరిగి వచ్చిన ఉత్తరం మీద కుకీ వరుసే లేదు. బ్రౌజరు దగ్గర టోకెను ఉంది, కానీ అంటించలేదు. అదే తెరలో "ఆపేసిన కుకీలు కూడా చూపించు" అన్న టిక్కు ఒకటుంది. అది పెడితే ఆ కుకీ పసుపు రంగులో కనబడి, దాని మీద బాణం ఉంచితే కారణం కూడా చెప్పింది: సేమ్‌సైట్.

ఆ మాటకు అర్థం తెలియాలంటే ఒక పాత మోసం తెలియాలి. మీరు బ్యాంకు సైటులో లాగిన్ అయి ఉన్నారు. పక్క కిటికీలో ఎవరిదో సైటు తెరిచారు. ఆ సైటులో దాచిన ఒక ఫారం మీ బ్రౌజరు చేతనే బ్యాంకుకు "ఫలానావాడికి డబ్బు పంపు" అని ఉత్తరం రాయిస్తుంది. బ్రౌజరు తన అలవాటు కొద్దీ మీ టోకెనును దానికి అంటిస్తుంది. బ్యాంకు మీరే రాశారనుకుంటుంది. దీన్ని ఆపడానికి కుకీకి ఒక తోక తగిలించారు, సేమ్‌సైట్ అని. 2016లో క్రోమ్ 51తో ఇది వాడుకలోకి వచ్చింది. దాని విలువ "స్ట్రిక్ట్" అయితే బయటి సైటు పుట్టించిన ఏ ఉత్తరం మీదా కుకీ అంటించకూడదు. "లాక్స్" అయితే మామూలు లింకు నొక్కి వచ్చినప్పుడు అంటించవచ్చు గానీ ఫారం పంపే పద్ధతిలో, అంటే పోస్ట్ పద్ధతిలో వచ్చినప్పుడు అంటించకూడదు. "నన్" అంటే ఎక్కడి నుంచి వచ్చినా అంటించవచ్చు.

తోక తగిలించడం సర్వరు రాసేవాళ్ళ ఇష్టం. చాలామంది తగిలించలేదు. తోక లేని కుకీని ఎలా చూడాలి? పూర్వం అన్ని బ్రౌజర్లూ "నన్" లాగే చూసేవి. 2020 ఫిబ్రవరిలో క్రోమ్ 80 వచ్చినప్పటి నుంచి గూగుల్ పద్ధతి మార్చి, తోక లేకపోతే "లాక్స్" అని భావించడం మొదలుపెట్టింది. "నన్" కావాలంటే స్పష్టంగా రాయాలి, పక్కనే "సెక్యూర్" అనే మాట కూడా ఉండాలి. ఎన్నో సైట్లు చెడిపోతాయని తెలుసు. కరోనా కాలంలో అవసరమైన సైట్లు ఆగిపోకూడదని అదే ఏడాది ఏప్రిల్‌లో ఈ మార్పును వెనక్కి తీసుకుని, జులైలో మళ్ళీ మొదలుపెట్టారు. క్రోమియం మీద కట్టిన ఎడ్జ్ కూడా ఆ దారే పట్టింది. ఫైర్‌ఫాక్స్ మామూలు వెర్షనులోనూ, సఫారీలోనూ తోక లేని కుకీకి ఈ "లాక్స్" భావన రాలేదు. అదీ తేడా.

మరి రెండు నిమిషాలు ఎక్కడివి? బ్యాంకుల నుంచీ, లాగిన్ సేవల నుంచీ పోస్ట్ పద్ధతిలో తిరిగి వచ్చేవాళ్ళు ఒక్కసారిగా చిక్కుల్లో పడకుండా క్రోమ్ వాళ్ళు ఒక మినహాయింపు పెట్టారు. తోక లేని కుకీ పుట్టి 2 నిమిషాలు దాటకపోతే పోస్ట్ మీద కూడా అంటిస్తారు. దాటితే లేదు. తాత్కాలికం అని చెప్పి పెట్టిన ఏర్పాటు ఇది. ఉద్దేశం మంచిదే. కానీ దీనివల్ల రోగం సగం దాగిపోయింది. వెబ్‌సైటు తయారుచేసినవాడు తన ఆఫీసులో, తన ఫోను తన బల్ల మీద పెట్టుకుని పరీక్షిస్తాడు. అతనికి ఎప్పుడూ ముప్ఫై సెకన్లే. కర్ల్ అనే పరికరంతో పరీక్షించినా అంతే. దానికి సేమ్‌సైట్ పట్టింపు లేదు, ఇచ్చిన కుకీని ఇచ్చినట్టు పంపేస్తుంది. అతని దగ్గర ఏనాడూ చెడిపోని పని, చేలో ఉన్న నాన్న ఫోను మీద ఆధారపడినవాడి దగ్గర ప్రతిసారీ చెడిపోతుంది. అతను "మా దగ్గర బాగానే ఉంది" అంటే అబద్ధం ఆడుతున్నట్టు కాదు.

ఇంకో మెలిక కూడా ఉంది. కుకీ లేకుండా వచ్చిన ఉత్తరాన్ని చూసి సర్వరు ఎవరో కొత్తవాడనుకుని కొత్త టోకెను ఇస్తుంది. అదే పేరుతో ఇస్తుంది కాబట్టి పాతది చెరిగిపోతుంది. అందుకే వెనక్కి నొక్కినా, పేజీ మళ్ళీ తెరిచినా లాభం లేకపోయింది. డబ్బు వచ్చిన కబురు ఆ ఉత్తరంలోనే ఉంది. టోకెను లేదన్న కారణంతో సర్వరు దాన్ని చదవకుండానే లాగిన్ పేజీకి తోలేసింది.

మా లెక్చరర్ గారి సంతకంతో వెబ్‌సైటు వాళ్ళకు ఒక ఉత్తరం రాశాం. బ్రౌజరు పేరు, వెర్షను, నిమిషాల పట్టిక, సెట్-కుకీ వరుస - ఇవి మాత్రమే పెట్టాం. బ్రౌజరు తీసిచ్చే మొత్తం చిట్టాను జతచేయలేదు. అందులో మన లాగిన్ టోకెన్లు కూడా ఉండవచ్చు. అది బయటివాడి చేతికి ఇవ్వడం ఇంటి తాళం ఇచ్చినట్టే. మందు కూడా రాశాం. తిరిగి వచ్చే ఉత్తరాన్ని కుకీతో గుర్తుపట్టనక్కరలేదు. డబ్బు సంస్థ అందులో ఆర్డరు నంబరు, తన సంతకం లాంటి ఒక సంకేతం పంపుతుంది. దాన్ని సరిచూసి, కావాలంటే ఆ సంస్థ సర్వరునే నేరుగా అడిగి, ముందు జమ రాసుకోవాలి. కొత్త టోకెను ఇవ్వకూడదు. ఆ తర్వాత 303 అనే జవాబుతో విద్యార్థిని మామూలు పేజీకి మళ్ళించాలి. మళ్ళింపు గెట్ పద్ధతిలో జరుగుతుంది కాబట్టి "లాక్స్" కుకీ కూడా వస్తుంది, లాగిన్ నిలుస్తుంది. ఓ.టి.పి. పది నిమిషాలకు వచ్చినా ఫరవాలేదు.

వాళ్ళు అంత పని పెట్టుకోలేదు. కొన్ని వారాల తర్వాత చూస్తే సెట్-కుకీ చివర "సేమ్‌సైట్ = నన్, సెక్యూర్" అని రెండు మాటలు చేరాయి. క్రోమ్‌లో నాలుగు నిమిషాల ప్రయోగం నెగ్గింది. హాస్టలులో చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం పూర్తిగా నచ్చలేదు. తలుపు బిగిసిందని తలుపే ఊడదీశారు. బయటి ఫారం మోసానికి అడ్డుగా ఉండేదాన్ని తీసేసినప్పుడు, ప్రతి ఫారంలోనూ రహస్య సంకేతం పెట్టి సరిచూసుకుంటూ ఉండాలి. ఫీజు ఫారంలో అలాంటిది ఒకటి ఉంది, బాగానే ఉంది. ఫోను నంబరు మార్చుకునే ఫారంలో మాకు కనబడలేదు. అది కూడా రాశాం.

ఇంతలో కొత్త ఫిర్యాదు. మా పై గది మిత్రుడు సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఐఫోన్ 6 వాడతాడు. ఇంతకాలం అతనికి ఏ బాధా లేదు. మార్పు వచ్చిన నాటి నుంచి ఇరవై సెకన్లలో తిరిగి వచ్చినా లాగిన్ పోతోంది. ఆ ఫోను ఐ.ఓ.యస్. 12 దగ్గరే ఆగిపోయింది. ఆ కాలపు సఫారీలో ఒక లోపముంది: "నన్" అనే మాట అర్థంకాక దాన్ని "స్ట్రిక్ట్" కింద తీసుకుంటుంది. బాగా తెరవమని రాస్తే బాగా బిగించేస్తుందన్నమాట. ఆపిల్ ఆ లోపాన్ని తర్వాతి వెర్షన్లలో సరిచేసింది గానీ ఐ.ఓ.యస్. 12లో చేయలేదు. "క్రోమ్ వేసుకోరా" అని ఎవరో సలహా ఇచ్చారు. ఆ ఐఫోనులో క్రోమ్ అన్నా లోపల పనిచేసేది ఆపిల్ వారి యంత్రమే, కాబట్టి అదీ అంతే. పాత క్రోమ్ 51 నుంచి 66 వరకు వెర్షన్లు ఇంకో రకం. "నన్" అని ఉంటే కుకీని అసలు పుచ్చుకోనే పుచ్చుకోవు. యూజర్-ఏజెంట్ చూసి ఇలాంటివాళ్ళకు ఆ తోక పంపకుండా ఉండడం ఒక ఉపాయం. ఇందాకటి ఇంటిపేర్ల గొడవ వల్ల ఆ పని కూడా జాగ్రత్తగా చేయాలి.

మొదట మేము రాసిన మందు అయితే ఈ మూడు రకాలవాళ్ళకూ సరిపోయేది. జమ రాయడానికి కుకీతో పనే లేదు కాబట్టి, లాగిన్ పోయినా రసీదు పోదు. రెండో ఉత్తరం అదే మాటతో, ఐఫోను పట్టికతో కలిపి పంపాం. జవాబు ఇంకా రాలేదు. వచ్చే సెమిస్టరు ఫీజు తేదీలోపల వస్తుందని చూస్తున్నాం. అంతవరకు ఆ ఐఫోను మిత్రుడు ఫీజు మా గది కంప్యూటరులో కట్టుకుంటాడు. నాలుగు నిమిషాలు పట్టే తండ్రులున్నవాళ్ళు రసీదు రాకపోతే రెండోసారి కట్టవద్దు. బ్యాంకు సందేశంలో ఉన్న రిఫరెన్సు నంబరు రాసుకుని ముందు ఆఫీసులో ఇవ్వండి. ఆ నంబరుతో డబ్బు సంస్థ దగ్గర వెతికి, కట్టినట్టు జమ రాయించుకున్నవాళ్ళు మా బ్లాకులోనే నలుగురున్నారు.